వయ్యారిభామ పూయకముందే

తొలకరి వానలు కురిసి నెల తిరుగుసరికి బాటల వెంబడి, పాఠశాల ఆవరణలలో, చెరువు కట్టలపై వయ్యారిభామ మొక్కలు గుంపులుగా లేచును. ఈ పేరు పెట్టినవారు దాని సోయగమును చూచిరే గాని గుణమును ఎరుగరు. మన దేశమున దీనిని మొదట 1955లో పుణే నగరమున గుర్తించిరి. ఒక్క మొక్క 10,000కు మించి విత్తనములు రాల్చగలదు గనుక నేడు ఇది లేని గ్రామము అరుదు.

దీని తెల్లని పూల పుప్పొడి గాలిలో కలిసి మన ఊపిరితో లోనికి పోవును. కొందరి శరీరము ఆ పుప్పొడిని శత్రువుగా భ్రమించి, దానిపై ప్రతిరక్షకములను సిద్ధపరచుకొనును. ఆ పిమ్మట అది సోకినప్పుడెల్ల హిస్టమిన్ మొదలగు పదార్థములు లోపల వెలువడి వరుస తుమ్ములు, ముక్కు కారుట, కండ్ల దురద కలుగును. కొందరికి శ్వాసనాళములు బిగిసి, పిల్లికూతలతో ఆయాసము వచ్చును. దీనినే ఎలర్జీ అందురు. ఇది అంటువ్యాధి కాదు.

“ఇన్నేండ్లు ఈ మొక్కల నడుమనే తిరిగితిమి, ఏమియు కాలేదు; ఇప్పుడెట్లు వచ్చును?” అని గ్రామములలో పలువురు మమ్ము అడుగుదురు. వచ్చుట అట్లే. శరీరము ఆ పగను పెంచుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును.

పంచాయతీలు ఈ మొక్కలను పెరికించకపోలేదు. అయితే తెల్లని పూలు ఊరంతట కంటబడిన తరువాతనే చాలచోట్ల తీర్మానము జరుగును. అప్పటికి పుప్పొడి గాలికెక్కియుండును. పెరుకు కూలీల చేతులకు, మొగములకు దద్దులు లేచును. రాలిన విత్తనము వచ్చే వానకై నేలలో వేచియుండును. ఖర్చు పద్దులోనికెక్కును, మొక్క ఊరిలోనే మిగులును!

కనుక మొగ్గ తొడుగకముందే, నేల తడిగా నున్నప్పుడు, వేళ్లతో సహా పెరికించవలెను. పనివారికి చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ పంచాయతీయే ఇయ్యవలెను. ఆయాసము గలవారిని ఈ పనికి పిలువరాదు. పూయని మొక్కలను ఎరువు గుంటలో వేయవచ్చును. ఖాళీ స్థలములలో వానకు ముందు తంటెము విత్తనములు చల్లినచో ఆ మొక్కలు దీనిని అణచును. మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిన పెంకుపురుగు దీని ఆకులను తినును గాని, దానిపైననే భారము వేయరాదు.

పుప్పొడి ఒక్కటియే కారణము కాదు. బూజుపట్టిన గడ్డి, పాత బొంతల ధూళిలోని సూక్ష్మ పురుగులు కూడ ఆయాసమును రేపును. బాధపడువారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. పీల్చుమందు వ్యసనమగునని దానిని మానివేయువారు కలరు. ఆ భయము నిరాధారము. అది నేరుగా శ్వాసనాళములకే చేరును గనుక మాత్రకన్న చాల తక్కువ మోతాదే సరిపోవును.