మూతపడిన కొట్టు - తెగిన రంపము

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పనిరాని వానిని గూర్చి పుట్టినది. కాని మద్దెల నిజముగనే ఓడైన దినములు కూడ కలవు. కంకిపాడులో గాని, ఆ చుట్టుపట్ల పల్లెలలో గాని నేడొక వడ్రంగి కోసిన పలక వంకరపోయినచో, దోషము చేతిది కాక రంపముది కావచ్చును. తగని రంపము చేతికి వచ్చుటకు కారణము, తగిన దానిని ఎంచి ఇచ్చు కొట్టు మూతపడుట కావచ్చును.

విజయవాడ నుండి బందరుకు పోవు రాజబాటపై నున్న కంకిపాడు వరిపొలముల నడిమి ఊరు. ఇట్టి ఊళ్ళలో ఒకప్పుడు వడ్రంగికి ఏడాది పొడుగునను పని యుండెడిది. తొలకరికి నాగళ్ళు, కాడిమాకులు; కోతలకు బండిచక్రములు; కొత్త ఇండ్లకు ద్వారబంధములు. ట్రాక్టరు వచ్చి నాగలిని, రబ్బరు టైరు వచ్చి ఆకుల చక్రమును మూలకు చేర్చినవి. తలుపులును కిటికీలును ఇనుముతో, అల్యూమినియముతో, ప్లాస్టికుతో తయారై వచ్చుచున్నవి. మిగిలిన పనినైనను నిలుపుకొనుటకై వడ్రంగి బాడిశను, చేతిరంపమును ప్రక్కనుంచి, విద్యుత్తుతో తిరుగు బ్యాండుసాను ఆశ్రయించెను.

ఆ యంత్రము నిర్మాణము సులభమైనదే. పైన ఒక చక్రము, క్రింద ఒక చక్రము. వాని చుట్టును ఉంగరమువలె అతికిన సన్నని ఉక్కుపట్టె. దాని అంచున పళ్ళు. మోటారు క్రింది చక్రమును త్రిప్పగా, పట్టె పైనుండి దిగుచు బల్లమీది చెక్కను కోయుచుండును. కాని ఒక్క చుట్టు తిరుగులోనే ఆ ఉక్కు రెండుమారులు వంగి, రెండుమారులు సాగవలెను. ఈ యాతనకు ఓర్చు అతుకు వేయుటకు మానవునకు చాలకాలమే పట్టినది. 1809లో విలియం న్యూబెరీ అను ఆంగ్లేయుడు ఈ యంత్రమునకు పేటెంటు పొందినను, పట్టె నిలువక అది ఆచరణలోనికి రాలేదు. దాదాపు నలువదేండ్ల తరువాత, 1846లో, ఆన్ పోలిన్ క్రెపాఁ అను ఫ్రెంచి స్త్రీ అతుకు విధానమును కనుగొని పేటెంటుకు దరఖాస్తు చేసెను. ఆ హక్కును కొన్న పారిస్ నగరపు పెరాఁ సంస్థ దానికి మేలైన ఉక్కును జోడించి, నేటి రంపమునకు రూపు దిద్దెను. నేడు మన వీథిలో వినవచ్చు యంత్రపు రొద వెనుక ఆ అతుకు రహస్యమే యున్నది.

ఎంత మేలైన పట్టెయైనను ఒకనాటికి తెగక తప్పదు. వెనుక అట్టి సమయమున వడ్రంగి తెగిన ముక్కను చుట్టి చేతబట్టుకొని, బస్సెక్కి బెజవాడ చేరెడివాడు. పనిముట్ల కొట్టులో ఇట్టి సంభాషణ జరిగెడిది.

"షావుకారు గారూ, బ్లేడు తెగింది. ఇంకొకటి ఇయ్యండి."

"ఏ మిషనుది ఆచారి గారూ? చక్రం ఎంత? కోసేది టేకా, తుమ్మా? తిన్నగా చీల్చాలా, గీత మీద తిప్పి కొయ్యాలా? తెగిన ముక్క ఏదీ, ఇలా ఇయ్యండి."

అమ్మకమునకు ముందు ఇన్ని ప్రశ్నలు! ప్రతి ప్రశ్నకును ప్రయోజనము కలదు. వంపులు కోయుటకు సన్నని పట్టె కావలెను. మొద్దులు చీల్చుటకు వెడల్పైనది కావలెను. చెక్క మందముగా నున్నచో పళ్ళు దూరదూరముగ నుండవలెను. లేనిచో పొట్టు పళ్ళ సందులలో క్రిక్కిరిసి, రంపము వేడెక్కి దారి తప్పును. పలుచని చెక్కకు దగ్గరి పళ్ళు వలయును. ఎప్పుడును మూడు పళ్ళకు తక్కువ కాకుండ చెక్కలో నుండవలెనని పనివారి లెక్క. తెగిన ముక్కయు సాక్ష్యము చెప్పును. అతుకు వద్ద తెగినచో దోషము అతుకుది. పళ్ళ మొదళ్ళలో తెగినచో పట్టె అలసిపోయినదనియో, బిగువు మితిమీరినదనియో ఊహింపవచ్చును. అన్నియు తెలిసిన పిమ్మట షావుకారు చుట్టలోని పట్టెను కొలిచి, కత్తిరించి, అతికించి ఇచ్చెడివాడు.

నేడు పనిముట్లనే నమ్ముకొన్న కొట్లు తగ్గిపోవుచున్నవి. కొన్ని తలుపులు మూసినవి. కొన్ని గొట్టములును రంగులును అమ్మి బ్రతుకుచున్నవి. ఇది మనకే వచ్చిన కష్టము కాదు. 1840లో ఫిలడెల్ఫియాలో హెన్రీ డిస్టన్ స్థాపించిన రంపముల కర్మాగారము ప్రపంచమందెల్ల పేరొందినది. అదియు 1955లో ఆ కుటుంబము చేయి దాటిపోయినది.

కొట్టు పోయినను వస్తువు దొరకుచున్నది. చేతిఫోనులో బొమ్మ చూచి కోరినచో రంపము ఇంటికే వచ్చును. అది మేలే, దూరపు కర్మాగారము పల్లెకు దగ్గరైనది. కాని ఫోను ప్రశ్నలు వేయదు. కొలత తప్పి చెప్పిన వానికి తప్పు కొలతతోనే పట్టె వచ్చును. అది తిరిగిపోయి వేరొకటి వచ్చులోపల యంత్రము నిలిచిపోవును, కూలి పోవును, మాట ఇచ్చిన తలుపు ఆగిపోవును. తగని పట్టెనే బిగించి నడిపినచో, అది తిరుగుచుండగనే తెగి వ్రేళ్ళకే ముప్పు తెచ్చును. ఒక్కొక్కప్పుడు వచ్చిన పట్టెకు పళ్ళు పైకి చూచుచుండును. కొత్తవాడు తప్పు సరుకని తలచును. దానిని లోపలి వైపు వెలుపలికి త్రిప్పినచో పళ్ళు క్రిందికి వచ్చునని చెప్పుటకు ప్రక్కన షావుకారు లేడు.

కావున ఆయన అడిగిన ప్రశ్నలను వడ్రంగి తానే అడుగుకొనవలెను. ఇచట పాఠశాలకు పని కలదు. రెండు చక్రములును సమానమైనప్పుడు, పట్టె ఒక్కొక్క చక్రమును సగము చుట్టును. రెండు సగములు కలిసి ఒక పూర్తి చుట్టుకొలత. దానికి చక్రముల కేంద్రముల నడిమి దూరమును రెండింతలు చేసి కలిపినచో పట్టె పొడవు వచ్చును. చక్రపు వ్యాసము 24 అంగుళములు, కేంద్రముల దూరము 40 అంగుళములు అనుకొందము. 24ను 3.14తో హెచ్చింపగా 75.4, దానికి 80 కలుపగా 155.4 అంగుళములు, అనగా ఇంచుమించు 12 అడుగుల 11 అంగుళములన్నర. పై చక్రమును బిగువు మర నడిమికి తెచ్చి కొలువవలెను. అప్పుడే స్వల్పభేదము సర్దుకొనును. పట్టె మందము చక్రపు వ్యాసములో వేయవవంతు మించరాదని మరియొక లెక్క. ఈ యంత్రమునకు 0.024 అంగుళము. అంతకు మందమైనచో వంగలేక విరుగును.

పుస్తకములో ఎండిన అంకెవలె కనిపించు 3.14 ఒక పనివాని పూటకూడును నిలుపుననుటకు ఇంతకన్న మంచి నిదర్శన మేమి? ఒక ఆదివారము విద్యార్థులు టేపు పట్టుకొని తమ ఊరి వడ్రంగి పాకకు పోయి, యంత్రము నిలిచియున్నప్పుడు కొలిచి, పొడవు, వెడల్పు, మందము, అంగుళమునకు పళ్ళు అను నాలుగు లెక్కలను దాని తలుపుమీదనే రంగుతో వ్రాసి ఇచ్చినచో, అది పాఠమును అగును, ఉపకారమును అగును.

లెక్కతోబాటు మాటలను గూడ వ్రాసికొనవలెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము రైతుల నోటి పలుకులను కాపాడినది. బాడిశ, బరమ, చిత్రిక, ఆకురాయి వంటి మాటలు పనిపాకలలోను, పనిముట్ల కొట్లలోను నలిగిన మాటలు. కొట్టు తలుపు మూతపడినప్పుడు లోపల చిక్కుకొనునది ఇనుము కాదు. ఇనుము ఎచ్చటనైనను దొరకును. చిక్కుకొనునవి ఆ మాటలును, ఆ ప్రశ్నలును. వానిని వెలుపలికి తెచ్చుటకు తాళపుచెవి యక్కరలేదు; ఒక నోటుపుస్తకము చాలును.