ఆటోమేటిక్‌ గేర్లకు పదును.. వేడితోనే అసలు చిక్కు

ఆర్మూరు: పసుపు అమ్మిన డబ్బుతోనో, గల్ఫ్‌ నుంచి వచ్చిన సొమ్ముతోనో కారు కొనే కుటుంబాలు ఒకప్పుడు గేర్‌ రాడ్‌ ఉన్న బండినే ఎంచుకునేవి. క్లచ్‌ తొక్కే పనిలేని కారు ఖరీదైనదని, చెడిపోతే బాగుచేసేవారు దొరకరని జంకేవారు. 2014లో మారుతీ సెలేరియోతో ఏఎంటీ గేర్‌బాక్స్‌ చిన్న కార్లలోకి ప్రవేశించాక ఆ జంకు తగ్గింది. 2015 చివర్లో మహీంద్రా ఎక్స్‌యూవీ 500, 2016లో ఇన్నోవా క్రిస్టా ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చాయి. ఇప్పుడవి సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారే వయసుకు చేరుకున్నాయి. వాటితోపాటే యువకుల్లో ఒక కొత్త కోరిక తలెత్తుతోంది. యాక్సిలరేటర్‌ తొక్కగానే బండి ఉరకాలి, గేర్లు టక్కున మారాలి. నగరాల్లోని ట్యూనింగ్‌ దుకాణాలు ఆ పని చేసిపెడతామంటున్నాయి. అయితే ఆ కారు పందేలకు వెళ్లేది కాదు. పెద్దవాళ్లను నిజామాబాద్‌ ఆసుపత్రికి చూపించుకొచ్చేది, దుబాయ్‌ విమానం ఎక్కేవారిని అర్ధరాత్రి శంషాబాద్‌ చేర్చేది అదే. సుమారు 200 కిలోమీటర్ల ఆ దారిలో గేర్‌బాక్స్‌ మొరాయిస్తే పోయేది విమానం టిక్కెట్టు ఒక్కటే కాదు, వీసా గడువూ దాటిపోవచ్చు. కనుక చేయి వేసేముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు

ఒక ఫ్యాన్‌ తిప్పి దాని ఎదుట మరో ఫ్యాన్‌ పెడితే, గాలి తాకిడికి రెండోది కూడా తిరుగుతుంది. ఆటోమేటిక్‌ కారులోని టార్క్‌ కన్వర్టర్‌ సూత్రం ఇదే. గాలికి బదులు నూనె ఉంటుంది. ఇంజిన్‌ వైపు ఫ్యాన్‌ నూనెను విసిరితే గేర్‌బాక్స్‌ వైపు ఫ్యాన్‌ ఆ తాకిడికి తిరుగుతుంది. నడుమ ఉండే మూడో చక్రం నూనెను మళ్లించి, బండి కదిలే క్షణంలో ఇంజిన్‌ లాగుడు శక్తిని దాదాపు రెట్టింపు చేస్తుంది. జర్మన్‌ ఇంజినీరు హెర్మన్‌ ఫోటింగర్‌ 1905లో పేటెంటు పొందిన ఆలోచన ఇది. ఆయన దాన్ని ఓడల కోసం ఉద్దేశించారు. కార్ల ఆటోమేటిక్‌ గేర్లకు పునాది అయింది మాత్రం తరువాతి కాలంలోనే.

నూనెను అలా చిలికితే వేడి పుడుతుంది. గేర్లను మార్చేదీ నూనె పీడనమే. లోపల దొంతరగా పేర్చిన క్లచ్‌ప్లేట్లను నూనె నొక్కుతుంది. ఒక దొంతర పట్టు విడుస్తుంటే మరొకటి పట్టుకుంటుంది. కుదుపు తెలియకూడదని తయారీదారులు ఈ మార్పిడిని కాస్త నెమ్మదిగా, ప్లేట్లు కొంతసేపు జారేలా అమరుస్తారు. దమ్ము చేసేటప్పుడు క్లచ్‌ సగం తొక్కి ట్రాక్టర్‌ నడిపితే ప్లేటు మాడిన వాసన వస్తుందని రైతులకు తెలియనిది కాదు. ఇక్కడా అదే జరుగుతుంది. నూనెలో మునిగి ఉండటం వల్ల వాసన బయటికి రావడం ఆలస్యమవుతుంది, అంతే.

మామూలు నడకలో ఈ నూనె 80 నుంచి 95 డిగ్రీల వేడి వద్ద ఉంటుంది. అంతకు మించి ప్రతి పది డిగ్రీలకు నూనె ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. 120 డిగ్రీలు దాటితే అది జిగురులా మారి సన్నని నూనె దారులను పూడ్చడం మొదలుపెడుతుంది. మే నెలలో, ఏసీ వేసుకుని, ఏడుగురిని ఎక్కించుకుని, నిర్మల్‌ దాటాక మహబూబ్‌ ఘాట్‌ ఎక్కే బండిలో ఈ గీత దాటడం ఏమంత కష్టం కాదు.

తొలి ఖర్చు కూలర్‌ మీదే

అందువల్ల టార్క్‌ కన్వర్టర్‌ ఉన్న బండికి పదును పెట్టాలనుకునేవారు వేగం నుంచి కాక, చల్లదనం నుంచి మొదలుపెట్టడం తెలివైన పని. చాలా కార్లలో గేర్‌ ఆయిల్‌ను చల్లబరిచేది ఇంజిన్‌ నీళ్లే. దానికి తోడు రేడియేటర్‌ ముందు గాలి తగిలేచోట విడిగా ఒక ఆయిల్‌ కూలర్‌ బిగిస్తే ఘాట్‌లోనూ, మామిడిపల్లి చౌరస్తా వద్ద పెళ్లిళ్ల సీజన్‌ రద్దీలోనూ వేడి అదుపులో ఉంటుంది. దీనివల్ల బండి ఒక్క సెకను కూడా వేగం పెరగదు. బహుశా అందుకే దుకాణాల్లో దీని గురించి చెప్పేవారు తక్కువ.

తరువాతిది ఆయిల్‌ మార్పు. ‘జీవితకాలం మార్చనక్కర్లేదు’ అనే మాటను మన ఎండలకు, మన దారులకు వర్తింపజేయడం ప్రమాదకరం. బరువు, వేడి, ఆగుతూ సాగే ప్రయాణాలు ఉంటే 40 నుంచి 60 వేల కిలోమీటర్లకు మార్చడం మేలు. కింది బోల్టు విప్పితే పాత నూనెలో సగానికి అటూఇటూ మాత్రమే దిగుతుంది. మిగిలింది కన్వర్టర్‌లో నిలిచిపోతుంది. అందుకే కొద్ది రోజుల తేడాతో రెండు, మూడుసార్లు మార్చాలి. కంపెనీ పుస్తకంలో రాసిన రకమే పోయాలి. ‘అన్నింటికీ ఇదే’ అంటూ డబ్బా చూపించే దుకాణం నుంచి తిరిగి వచ్చేయడం ఉత్తమం.

ఈ రెండూ పూర్తయ్యాకే గేర్ల మార్పిడి వేగం సంగతి. పాత తరహా బాక్సుల్లో ‘షిఫ్ట్‌ కిట్‌’ పేరుతో స్ప్రింగులు, వాల్వులు మార్చి నూనె పీడనం పెంచుతారు. కొత్తవాటిలో అదే పనిని గేర్‌బాక్స్‌ కంప్యూటర్‌ ప్రోగ్రాం మార్చి చేస్తారు. గేరు టక్కున పడుతుంది, ప్లేట్లు జారే సమయం తగ్గుతుంది. వినడానికి వింతగా ఉన్నా, కాస్త గట్టిగా పడే గేరు ప్లేట్లకు మేలే చేస్తుంది. కానీ ఆ కుదుపు ఊరికే పోదు. యాక్సిళ్లు, ఇంజిన్‌ మౌంటింగులు దాన్ని భరించాలి. వెనుక సీటులో కూర్చున్న పెద్దమ్మ నడుమూ భరించాలి. రోజూ నడిపే కారుకు మితమైన మార్పు చాలు. పందెపు కార్లకు వాడే ‘హై స్టాల్‌’ కన్వర్టర్‌ జోలికి అసలే పోరాదు. ఇంజిన్‌ రెండున్నర, మూడు వేల చుట్లు తిరిగితే తప్ప బండి గట్టిగా కదలదు. ఊళ్లో నడిపితే పెట్రోలూ కాలుతుంది, నూనే కాలుతుంది.

అందరూ చేసే పొరపాటు మరొకటుంది. ముందుగా ఇంజిన్‌ ప్రోగ్రాం మార్చి శక్తి పెంచుతారు, గేర్‌బాక్స్‌ను మరిచిపోతారు. ప్రతి గేర్‌బాక్స్‌కు ఇంత లాగుడు మాత్రమే తట్టుకుంటుందనే పరిమితి ఉంటుంది. ఉదాహరణకు 2021లో వచ్చిన స్కోడా కుషాక్‌, ఫోక్స్‌వ్యాగన్‌ టైగూన్‌లలో 1.5 లీటర్ల ఇంజిన్‌ ఇచ్చే టార్క్‌ 250 న్యూటన్‌ మీటర్లు. దానికి జోడించిన ఏడు గేర్ల డీఎస్‌జీ పరిమితీ 250 న్యూటన్‌ మీటర్లే. కంపెనీ గీసిన గీత దగ్గరే బండి నడుస్తోందన్నమాట. దాని మీద మరో యాభై కలిపితే ఆ భారం పడేది పొడి క్లచ్‌ల మీద.

అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావు

సెకండ్‌హ్యాండ్‌ బేరాల్లో ‘ఆటోమేటిక్‌’ అన్న ఒక్క మాటతో నాలుగు వేర్వేరు యంత్రాలను కలిపేస్తున్నారు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే. క్లచ్‌ తొక్కే కాలు, గేరు వేసే చెయ్యి స్థానంలో యంత్రం ఉంటుంది. దీనికి షిఫ్ట్‌ కిట్‌ ఉండదు, పందెపు వేగమూ రాదు. మెకానిక్‌ కంప్యూటర్‌ పెట్టి క్లచ్‌ పట్టుకునే బిందువును మళ్లీ సరిచేస్తే తడబాటు చాలావరకు పోతుంది. సిద్ధులగుట్ట ఘాట్‌ రోడ్డులో ముందు వాహనం ఆగినప్పుడు బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో ఏఎంటీ బండిని నిలిపి ఉంచితే మాత్రం ఒక్క జాతర రోజునే క్లచ్‌ప్లేటు హరించుకుపోతుంది. సీవీటీలో గేర్లే ఉండవు. ఉక్కు బెల్టు రెండు పుల్లీల మీద జారుతూ నిష్పత్తిని మారుస్తుంది. ఇంజిన్‌ శక్తి పెంచితే ఆ బెల్టు జారి పుల్లీలపై గీతలు పడతాయి. దానికి చేయదగిన మేలు సరైన నూనె సకాలంలో పోయడమే. డీఎస్‌జీ వంటి జంట క్లచ్‌ల బాక్సులు వేగంలో మేటి అయినా వేడికి సున్నితమైనవి. ఈ రకం ఏడు గేర్ల బాక్సులున్న సుమారు 16 లక్షల కార్లను ఫోక్స్‌వ్యాగన్‌ 2013లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచి, సింథటిక్‌ నూనె తీసి మినరల్‌ నూనె పోయాల్సి వచ్చింది. వేడి, తేమ ఎక్కువగా ఉండి, ఆగుతూ సాగే ట్రాఫిక్‌ ఉన్న దేశాల్లోనే ఆ లోపం ముందుగా బయటపడింది.

వారంటీలో ఉన్న బండికి ప్రోగ్రాం మారిస్తే గేర్‌బాక్స్‌పై వారంటీ వదులుకున్నట్లే. బీమా కంపెనీకి తెలపని మార్పు ప్రమాదం తరువాత క్లెయిమ్‌కు అడ్డం పడవచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 182ఏ సెక్షన్‌ ప్రకారం అనుమతి లేని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

సెకండ్‌హ్యాండ్‌ ఆటోమేటిక్‌ కొనేవారు బండిని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపాక మరోసారి పరీక్షించాలి. అరిగిన బాక్సు చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే నడుస్తుంది. వేడెక్కాకే రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్‌ ఒక్కసారిగా అరుస్తుంది, లేదా ‘డీ’లో వేసిన రెండు, మూడు సెకన్లకు గాని కదలదు. నూనె లేత ఎరుపులో ఉంటే సరే. నల్లబడి మాడిన వాసన వస్తుంటే, అడుగున ఉండే అయస్కాంతానికి సన్నని బూడిద పొడికి బదులు ఇనుప రవ్వలు అంటుకుని ఉంటే, ఆ బండికి ముందు కావలసింది మరమ్మతు. ట్యూనింగ్‌ ప్రస్తావన ఆ తరువాతే.

ఘాట్‌ ఎక్కేటప్పుడు గేర్లు పైకీ కిందికీ పదేపదే మారుతుంటే మాన్యువల్‌ మోడ్‌లో ఒక గేరు తగ్గించి నడపాలి. పైకి చేరాక వెంటనే ఇంజిన్‌ ఆపక, ‘పీ’లో పెట్టి రెండు నిమిషాలు తిరగనిస్తే నూనె కూలర్‌ గుండా ప్రవహించి చల్లబడుతుంది. దీనికి ఏ దుకాణానికీ పైసా చెల్లించనక్కర్లేదు.