ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో?

మా వీధిలోని ఒక పెద్దమనిషి హఠాత్తుగా మరణించారు. జనాజా జరిగిన మూడవ నాడు వారి కుమారుడు నా వద్దకు వచ్చాడు. "మౌలానా సాబ్! అబ్బాజాన్ బీమా కాగితాల నుండి చేబదుళ్ల లెక్క వరకు అన్నీ ఫోన్లోనే ఉంచేవారు. అది తెరిచే పాస్‌వర్డ్ మాలో ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికి బాకీ ఉన్నారో కూడా అర్థం కావడం లేదు" అన్నాడు.

వారసత్వపు పంపకానికి ముందు మృతుని అప్పులు తీర్చాలన్నది నేను ఏళ్ల తరబడి మదరసాలో చెబుతున్న పాఠం. అప్పుల లెక్కే తాళం పడిన పెట్టెలో ఉంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను నా పూర్వ విద్యార్థి ఒకరి ఇంటికి వెళ్లాను. అతడు హైటెక్ సిటీలో సర్వర్ల నిర్వహణ చూస్తాడు, నివాసం టోలీచౌకీ.

1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నాటి నుండి మాదాపూర్, గచ్చిబౌలి రాళ్లగుట్టల నడుమ ఒక కొత్త నగరమే వెలిసింది. ఎన్నో దేశాల సంస్థల సమాచారానికి అక్కడ మన పిల్లలు కాపలా కాస్తున్నారు. "కాని ఉస్తాద్, మా ఇళ్లలో బ్యాంకు పాస్‌వర్డ్ క్యాలెండరు వెనుక రాసి ఉంటుంది. లేదా పది ఖాతాలకూ ఒకే పుట్టినతేదీ ఉంటుంది" అని అతడు నవ్వాడు. ఒకచోట బయటపడిన పాస్‌వర్డ్‌ను దొంగలు మిగతా చోట్లన్నిటా ప్రయత్నించి చూస్తారట.

బీరువాలోని పాత ల్యాప్‌టాప్

దీనికి విరుగుడు పాస్‌వర్డ్ మేనేజర్. ప్రతి ఖాతాకూ వేరువేరుగా, ఊహకందని పొడవైన పాస్‌వర్డ్ తయారుచేసి, ఒక డిజిటల్ తిజోరీలో దాచిపెట్టే సాధనమిది. మనం గుర్తుంచుకోవలసింది ఆ తిజోరీని తెరిచే ఒకే ఒక్క ప్రధాన పాస్‌వర్డ్.

సాధారణంగా ఈ తిజోరీ ఏదో ఒక కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. 2022లో లాస్ట్‌పాస్ అనే ప్రసిద్ధ సంస్థలో దొంగలు చొరబడ్డారు. ఖాతాదారుల తిజోరీల నకళ్లు వారి చేతికి చిక్కాయని ఆ సంస్థే డిసెంబరులో ప్రకటించింది. పాస్‌వర్డ్‌లు గుప్తలిపిలోనే ఉన్నా, వెబ్‌సైట్ల చిరునామాలు మాత్రం తేటగా ఉన్నాయి. బలహీనమైన ప్రధాన పాస్‌వర్డ్ పెట్టుకున్నవారికి అది నిజంగా ప్రమాదమే.

నా విద్యార్థి తిజోరీని ఇంట్లోనే పెట్టుకున్నాడు. పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ వ్యవస్థను, దానిపై వాల్ట్‌వార్డెన్ అనే చిన్న సర్వర్‌ను అమర్చాడు. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే, రుసుము లేదు. ఫోన్లలో వాడేది బిట్‌వార్డెన్ యాప్. సమాచారం ఫోన్లోనే గుప్తలిపిగా మారి సర్వర్‌కు చేరుతుంది కనుక, ల్యాప్‌టాప్ దొంగిలించినవాడికీ అర్థం లేని అక్షరాలే దక్కుతాయి. కరెంటు పోతే కొంతసేపు బ్యాటరీ ఆదుకుంటుంది. సర్వర్ ఆగినా ఫోన్లో నిలిచిన నకలును చదువుకోవచ్చు.

ఇది మనవారికి అందని విద్య కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకే తెచ్చింది.

సొంత కాపలా, సొంత బాధ్యత

"అయితే అందరూ ఇలాగే చేయవచ్చునా బేటా?" అని అడిగాను. అతడు తల అడ్డంగా ఊపాడు. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి. సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకుండా, బయటి నుండి వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గం గుండానే రావాలి. నకలు ఒకటి మరో ఇంట్లో ఉండాలి; దాన్ని అప్పుడప్పుడు తెరిచి సరిచూసుకోవాలి. ఇంత ఓపిక లేనివారికి నమ్మకమైన సంస్థ సేవే మేలు. ప్రధాన పాస్‌వర్డ్ మరచిపోతే మాత్రం ఎక్కడైనా చిక్కే. సొంత సర్వర్‌లోనైతే మొర వినే కంపెనీ కూడా ఉండదు.

"మరి నీ తర్వాత?" అన్నాను. అతడు మౌనంగా బీరువా తెరిచి, నికాహ్‌నామా పక్కనున్న సీలు వేసిన కవరు చూపించాడు. అందులో ప్రధాన పాస్‌వర్డ్, సర్వర్‌ను నడిపే పద్ధతి రెండు పేజీల్లో ఉన్నాయి. తిజోరీకి భార్యను అత్యవసర వ్యక్తిగా నియమించాడు. ఆమె కోరిన తర్వాత నిర్ణీత గడువులోగా అతడు కాదనకపోతే తిజోరీ ఆమెకు తెరుచుకుంటుంది. "మొదటిసారి కాగితం చూసి చేస్తే నాకు రాలేదు మౌలానా సాబ్. మళ్లీ రాయించాను" అని ఆ అమ్మాయి లోపలి నుండి చెప్పింది. నాకు అన్నిటికన్నా విలువైన మాట అదే అనిపించింది.

ఒక జాగ్రత్త. పాస్‌వర్డ్ దొరికిందని మృతుని ఖాతా నుండి డబ్బు తీయరాదు. మరణ ధ్రువపత్రంతో బ్యాంకునే ఆశ్రయించాలి. ఏ ఖాతా ఎక్కడుంది, ఎవరి బాకీ ఎంత అన్నది తెలుసుకోవడానికే ఈ తిజోరీ. ఓటీపీ, పిన్ ఎవరడిగినా చెప్పరాదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

హిజ్రత్ వేళ ప్రాణాపాయంలోనూ దైవప్రవక్త (స) ప్రజల అమానతులను వారి వారికి అప్పగించే పనిని హజ్రత్ అలీ (ర)కి ఒప్పజెప్పి వెళ్లారు. అమానతును భద్రంగా దాచడం సగం బాధ్యత, చేరవలసిన వారికి చేర్చడం మిగతా సగం.

ఆ రాత్రి ఇషా తర్వాత నేనూ ఒక కాగితం తీసుకున్నాను. నా ఖాతాలు, నేనివ్వవలసిన బాకీలు రాసి కవరులో పెట్టాను. కవరు ఎక్కడుందో నా భార్యకు చెప్పాను. సర్వర్ పెట్టుకోగలమో లేదో గాని, ఈ పని మాత్రం ఏ ఇంట్లోనైనా ఈ రాత్రే చేయవచ్చు.