నీహారిక అసలు రంగేది?

* చిన్న టెలిస్కోప్‌తో ఫొటోలు తీసేవారికి రంగుల తంటా
* ముందు తీసివేత.. ఆ తర్వాతే హెచ్చవేత

హోసూరు: కార్తీకం దాటిందంటే చాలు.. రాత్రి తొమ్మిదికల్లా తూర్పున గొల్లకావడి పైకొచ్చేస్తుంది. వరుసగా మూడు చుక్కలు. వాటికి కాస్త దక్షిణంగా మసకమసకగా కనిపించే చిన్న మచ్చే ఓరియన్ నీహారిక. ఖగోళ జాబితాలో దాని పేరు ఎం42. మనకు సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరం. చిన్న టెలిస్కోప్ కొన్నవారు చందమామ, శని వలయాలు అయిపోయాక ముందుగా కెమెరా గురిపెట్టేది దీనికే. తీరా ఫొటో చూసుకుంటే ఆకాశమంతా నారింజ రంగు. నీహారికేమో పాలిపోయిన ఆకుపచ్చ. పుస్తకాల్లో చూసిన గులాబీ, నీలం జాడే ఉండదు. అమ్మినవాడు మోసం చేశాడనుకుని టెలిస్కోప్‌ను అటకెక్కించేవారూ ఉన్నారు. నిజానికి లోపం చాలాసార్లు టెలిస్కోప్‌లో ఉండదు. రంగులు తూచడంలో ఉంటుంది.

కంటికి ఎందుకు కనిపించదు?

టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూస్తే నీహారిక బూడిద రంగు పొగలా ఉంటుంది. మసక వెలుతురులో మన కంటిలో పనిచేసే కణాలకు రంగు తెలియదు. వెలుగు, చీకటి తేడా మాత్రమే తెలుసు. కొందరికి ఎం42 నడిమి భాగం లేత ఆకుపచ్చగా తోస్తుంది. చీకటికి అలవాటుపడిన కన్ను బాగా పట్టేది ఆ ప్రాంతపు కాంతినే కాబట్టి అలా కనిపిస్తుంది. కెమెరా సంగతి వేరు. అది నిమిషాల తరబడి వెలుగును పోగేసుకుంటుంది. అందుకే కంటికి అందని రంగు ఫొటోలో పడుతుంది. అయితే పోగయ్యేది నీహారిక వెలుగు ఒక్కటే కాదు. చిక్కంతా అక్కడే.

గుంటూరులో కనిపించిన గీతలు

నీహారిక రంగుకూ తెలుగు నేలకూ ఒక పాత సంబంధముంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల కాంతిని విడగొట్టి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అవి ప్రధానంగా హైడ్రోజన్‌వి. ఆ హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర గీత 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. నీహారికల్లోని ఎరుపు కూడా అదే.

దానికి నాలుగేళ్ల ముందే, 1864లో, ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ ఒక నీహారిక కాంతిని విడగొట్టి చూశారు. ఆయనకు ఆకుపచ్చ గీతలు కనిపించాయి. భూమ్మీద తెలిసిన ఏ మూలకంతోనూ అవి సరిపోలేదు. కొత్త మూలకమేదో ఉందనుకుని దానికి 'నెబ్యులియం' అని పేరు కూడా పెట్టారు. అది ఆక్సిజనేనని 1927లో అమెరికా శాస్త్రవేత్త ఐరా బోవెన్ తేల్చారు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల దగ్గర నీలి ఆకుపచ్చ కాంతినిస్తుంది. ఇక మూడోది నీలం. ఇది వాయువు సొంత వెలుగు కాదు. దగ్గరి తారల కాంతి ధూళి మీద పడి చెదరడంవల్ల వస్తుంది. పిల్లలకోడి అని మన పెద్దలు పిలిచే కృత్తికల చుట్టూ ఫొటోల్లో కనిపించే నీలి పొగ ఇలాంటిదే.

అంటే ఎరుపు ఉన్నచోట హైడ్రోజన్, నీలి ఆకుపచ్చ ఉన్నచోట ఆక్సిజన్, నీలం ఉన్నచోట ధూళి ఉన్నట్టు. నీహారిక ఫొటోలో రంగు అలంకారం కాదు, సమాచారం. రంగు తప్పితే సమాచారమూ తప్పినట్టే. ఓరియన్ నీహారికను అమెరికాలో హెన్రీ డ్రేపర్ మొదటిసారి ఫొటో తీసింది 1880 సెప్టెంబరు 30న. అది నలుపు తెలుపు ఫొటో. ఆయనకు ఈ రంగుల బెడద లేకపోయింది.

రంగు చెడేది నాలుగు చోట్ల

మొదటిది వీధిదీపాలు. పాత సోడియం దీపాలు ఆకాశాన్ని నారింజ రంగులో ముంచుతాయి. వాటి వెలుగు చాలావరకు కొన్ని రంగుల్లోనే ఉంటుంది కాబట్టి ఫిల్టరు పెట్టి కొంత ఆపొచ్చు. దేశమంతటా వీధుల్లో ఎల్‌ఈడీలు పెట్టే పథకం 2015లో మొదలైంది. తెల్లటి ఎల్‌ఈడీ కాంతి నీలం నుంచి ఎరుపు దాకా పరుచుకుని ఉంటుంది. ఫిల్టరుకు అంత తేలిగ్గా లొంగదు.

రెండోది కెమెరా. మామూలు డిజిటల్ కెమెరా సెన్సారులో ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. దానికితోడు ఆకుపచ్చకు స్పందన ఎక్కువ. సరిదిద్దని ఫొటో పచ్చగా ఉండటానికి ఇదే కారణం. పైగా సెన్సారు ముందుండే ఫిల్టరు హైడ్రోజన్ ఎరుపులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది. మనుషుల ముఖాలు సహజంగా రావడానికి కంపెనీలు చేసిన ఏర్పాటు అది. నీహారికకు మాత్రం అదే శాపం. అందుకే ఖగోళ ఫొటోల కోసమే కేనన్ 2005లో 20డీఏ, 2012లో 60డీఏ, నికాన్ 2015లో డీ810ఏ కెమెరాలు తెచ్చాయి. మామూలు కెమెరాలోనే ఆ ఫిల్టరును తీయించుకునేవారూ ఉన్నారు. అలా మార్చిన కెమెరాలో పగటి ఫొటోలన్నీ ఎర్రబడతాయి. దానికి వైట్ బ్యాలెన్స్ విడిగా పెట్టుకోవాలి.

మూడోది కటకం. తక్కువ ధర కటకాల టెలిస్కోప్‌లు అన్ని రంగులనూ ఒకేచోట ఫోకస్ చేయలేవు. మెరిసే తారల చుట్టూ ఊదా వలయం ఏర్పడుతుంది. అద్దంతో పనిచేసే న్యూటన్ రకం టెలిస్కోప్‌కు ఈ ఇబ్బంది లేదు.

నాలుగోది గాలి. దిగంతానికి దగ్గరగా ఉన్నదేదైనా ఎర్రబారుతుంది. ఈ విషయంలో మనవాళ్లు అదృష్టవంతులే. హోసూరు నుంచి చూస్తే ఎం42 నడినెత్తి వైపు దాదాపు 72 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఒడిశాలోని బరంపురం నుంచి చూసినా 65 డిగ్రీలు. వేసవి రాత్రుల్లో కనిపించే లగూన్ నీహారిక లండనువాళ్లకు 14 డిగ్రీలు దాటదు. హోసూరులో 53 డిగ్రీలు ఎక్కుతుంది. ఫొటో తీసేది ఏదైనా అది బాగా పైకెక్కిన రెండు మూడు గంటల్లోనే పని కానిచ్చుకోవాలి.

తీసేటప్పుడే సగం పని

కెమెరాను జేపెగ్‌లో కాకుండా 'రా' పద్ధతిలో పెట్టుకోవాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. పగటి వెలుగుకు స్థిరంగా ఉంచితే రాత్రంతా తీసిన ఫొటోలు ఒకే తీరుగా ఉంటాయి. ఐఎస్‌ఓ 800 నుంచి 1600 మధ్య చాలు. భూభ్రమణానికి తగ్గట్టు తిరిగే మౌంటు ఉంటే ఒక్కో ఫొటో 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా తీయొచ్చు. అది లేకపోతే 400 మి.మీ. ఫోకల్ దూరమున్న చిన్న టెలిస్కోప్‌లో ఒకటి రెండు సెకన్లకే చుక్కలు గీతలవుతాయి.

కెమెరా తెరమీద హిస్టోగ్రామ్ చూడటం అలవాటు చేసుకోవాలి. గుట్ట ఎడమ గోడకు ఆనుకోకూడదు. కుడి గోడకూ తగలకూడదు. ఎడమ నుంచి మూడోవంతు దూరంలో ఉంటే మంచిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గుట్టలనూ విడివిడిగా చూడాలి. నారింజ ఆకాశంలో ఎరుపు ముందే నిండిపోతుంది. నిండి పొర్లిన రంగును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఎం42 నడిబొడ్డున నాలుగు తారల గుంపు మరీ ప్రకాశవంతం. దానికోసం 5, 10 సెకన్ల ఫొటోలు విడిగా తీసుకుని తర్వాత కలుపుకోవాలి.

గొట్టం మూతికి తెల్లటి పంచె గుడ్డ ముడతల్లేకుండా బిగించి, సంజె వెలుగులో ఓ 20 ఫొటోలు తీసిపెట్టుకోవాలి. వీటినే 'ఫ్లాట్లు' అంటారు. మూలల్లో పడే నీడ, ధూళి మచ్చలు వీటితోనే పోతాయి. మూలల్లో ఒక రంగు, నడుమ ఒక రంగు రాకుండా కాపాడేది కూడా ఇవే. కెమెరా తిప్పకుండా, ఫోకస్ కదపకుండా తీయడం ముఖ్యం. యానాం లాంటి తీర ప్రాంతాల్లో కటకం మీద మంచు పట్టకుండా కూడా చూసుకోవాలి.

డబ్బా తూకం తీసేశాకే నూనె

ఫొటోలన్నిటినీ ఒకటిగా పేర్చడానికి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పేర్చిన తర్వాతే అసలు పని. చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. ఆకాశం నారింజగా ఉందని ఎరుపు తగ్గిస్తారు. దాంతో ఆకాశంతోపాటు నీహారిక ఎరుపూ పోతుంది. మిగిలేది బూడిదే.

దీని వెనక లెక్క తేలికే. వీధిదీపాల వెలుగు నీహారిక వెలుగుకు అదనంగా వచ్చి కలిసింది. కలిసినదాన్ని తీసివేయాలి. కెమెరా ఒక్కో రంగును ఎక్కువ తక్కువగా పట్టడం వేరే సంగతి. దాన్ని తగిన సంఖ్యతో హెచ్చవేసి సరిచేయాలి. కొట్లో నూనె తూచేటప్పుడు ముందు ఖాళీ డబ్బా తూకం తీసేస్తారు కదా.. ఇదీ అంతే. రంగు జరిపే మీట హెచ్చవేత చేస్తుంది తప్ప తీసివేయదు.

కాబట్టి మొదట నీహారిక లేని, చుక్కలు తక్కువగా ఉన్న ఖాళీ ఆకాశాన్ని ఎంచుకోవాలి. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడూ సమానమయ్యేలా ఒక్కోదాని నుంచి అదనం తీసేయాలి. ఊరి వైపు ఎక్కువ, అడవి వైపు తక్కువగా వెలుగు పరుచుకుని ఉంటే 'గ్రేడియంట్' తొలగించే పనిముట్టు వాడాలి. ఆకాశాన్ని కటిక నలుపు చేయొద్దు. 255 పాయింట్ల కొలతలో 25, 30 దగ్గర ముదురు బూడిదగా ఉంచితే నీహారిక పల్చటి అంచులు బతుకుతాయి.

ఆ తర్వాత తెలుపు. దీనికి కొలబద్ద తారలే. సూర్యుడి లాంటి తారను తెలుపుగా తీసుకుని మిగతా రంగులను దానికి సరిచేయడం పాత పద్ధతి. ఇప్పుడు సిరిల్ లాంటివి ఫొటోలోని తారలను గుర్తుపట్టి, ఖగోళ జాబితాల్లో వాటికున్న రంగుతో పోల్చి వాటంతటవే లెక్కగడుతున్నాయి. ఈ రెండు పనులూ ఫొటోను వెలుగులోకి సాగదీయకముందే పూర్తిచేయాలి. సాగదీశాక లెక్క తప్పుతుంది.

ఆరుద్రే సాక్షి

రంగు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఖర్చులేని ఉపాయముంది. అదే రాత్రి అదే సెట్టింగులతో ఆరుద్రనూ, గొల్లకావడికి అవతలి పక్కనున్న రైజెల్‌నూ ఒక్కో ఫొటో తీయాలి. ఫోకస్ కాస్త చెదరగొడితే రంగు బాగా తెలుస్తుంది. ఆరుద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,500 డిగ్రీల కెల్విన్. నారింజగా రావాలి. రైజెల్‌ది సుమారు 12,000. నీలి తెలుపుగా రావాలి. నీహారికకు వాడిన సవరణలే వీటికీ వాడినప్పుడు రెండూ ఒకే రంగులో కనిపిస్తే ఎక్కడో తూకం తప్పినట్టే.

పచ్చగా కనిపించే తార ఉండదు. ఫొటోలో తారలు పచ్చగా వస్తే దాన్ని తగ్గించాల్సిందే. అలాగని ఆకుపచ్చను పూర్తిగా తుడిచేయొద్దు. ఎం42 నడిమి భాగంలోని ఆక్సిజన్ ఇచ్చే కాంతి కూడా దాంతోపాటే పోతుంది.

హబుల్‌తో పోటీ వద్దు

1995లో హబుల్ టెలిస్కోప్ తీసిన ఈగల్ నీహారిక స్తంభాల ఫొటో అందరూ చూసిందే. అందులోని రంగులు కంటి లెక్కవి కావు. గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం అని శాస్త్రవేత్తలు కేటాయించినవి. వాయువులను విడివిడిగా చూపడానికి చేసిన ఏర్పాటది. ఇంటి మేడ మీది ఫొటో అలా రాలేదని బాధపడనక్కర్లేదు.

చీకటి దొరికేదెక్కడ?

ఎన్ని సవరణలు చేసినా చీకటి ఆకాశానికి సాటి రాదు. తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును అబ్జర్వేటరీకి ఎంచుకోవడానికి అక్కడి చీకటి కూడా ఒక కారణం. దాన్ని నెలకొల్పిన వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవారే. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు 1986లో బప్పు పేరు పెట్టారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో 'డార్క్ స్కై పార్క్' గుర్తింపు దక్కింది. దేశంలో ఇలాంటి పార్కు అదే మొదటిది.

అంత దూరం పోలేనివారు చేయగలిగిందీ ఉంది. వాకిలి దీపానికి పైన మూత పెట్టి వెలుగు నేలమీదికే పడేలా చూడటం, తెల్లటి బల్బు బదులు పసుపు బల్బు వాడటం, పడుకునే ముందు ఆర్పేయడం. సాఫ్ట్‌వేరులో గంటసేపు కూర్చుని తీసివేసే వెలుగులో కొంత అసలు ఆకాశంలోకే పోకుండా ఉంటుంది. టెలిస్కోప్ లేని ఇరుగుపొరుగు పిల్లలకూ గొల్లకావడి స్పష్టంగా కనిపిస్తుంది.