కబురు అందని కారు: బ్రేకు రీకాల్‌లో తెగిపోతున్న చివరి లంకె

వాహనం అమ్ముడై యజమాని చేతికి వెళ్లిన తర్వాత, దాని తయారీలో ప్రాణాపాయానికి దారితీయగల లోపం ఉన్నట్టు బయటపడితే, ఆ తరహా వాహనాలన్నింటినీ కంపెనీ తన సర్వీసు సెంటర్లకు రప్పించి, సొంత ఖర్చుతో సరిచేసి ఇచ్చే ఏర్పాటును రీకాల్ అంటారు. మన దేశంలో వాహన తయారీదారుల సంఘమైన సియామ్ 2012లో ఇందుకు ఒక స్వచ్ఛంద నియమావళిని రూపొందించగా, 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 110ఎ సెక్షన్ కింద రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఇది ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తుంది. లోపం తెలిసీ తనంతట తాను ముందుకు రాని కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

బ్రేకు రీకాల్ ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి మారుతీ సుజుకీ 2022 అక్టోబరు చివర ప్రకటించిన రీకాల్ మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఆగస్టు 3 నుంచి సెప్టెంబరు 1 వరకు తయారైన వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లలో 9,925 కార్లను, వెనుక బ్రేకు అమరికలోని ఒక పిన్ను విరిగే అవకాశం ఉందన్న అనుమానంతో కంపెనీ వెనక్కి పిలిపించింది. పిన్ను విరిగితే మొదట వినిపించేది ఒక వింత శబ్దమేనని, అయితే కాలక్రమంలో బ్రేకు పనితీరు దెబ్బతినే అవకాశాన్ని కొట్టిపారేయలేమని కంపెనీయే చెప్పింది. ఈ కార్ల వెనుక చక్రాలకు ఉండేవి డ్రమ్ము బ్రేకులు. పెడల్ తొక్కగానే బూస్టర్ అనే భాగం ఆ ఒత్తిడిని పెంచి మాస్టర్ సిలిండర్‌కు అందిస్తుంది. అక్కడి నుంచి బ్రేకు ఆయిల్ సన్నని గొట్టాల గుండా చక్రం దాకా ఒత్తిడిని మోసుకెళ్తుంది. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములోపల, అర్ధచంద్రాకారంలో ఉండే రెండు షూలు విచ్చుకుని డ్రమ్ము గోడను ఒరుసుకోవడంతో చక్రం వేగం తగ్గుతుంది. ఈ వ్యవస్థలో ప్రతి చిన్న భాగమూ పక్కదానిపై ఆధారపడినదే కనుక, పది రూపాయల వస్తువులా కనిపించే పిన్నును కూడా తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. పైగా డ్రమ్ము మూసి ఉంటుంది. చక్రం విప్పి, డ్రమ్ము లాగితే తప్ప లోపలి స్థితి కంటికి కనబడదు.

బ్రేకు లోపం చిన్న కార్లకే పరిమితం కాదు. 2004 నుంచి 2015 వరకు తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాసు కార్లలో బూస్టర్‌కు తుప్పు పట్టే ప్రమాదం ఉందని మెర్సిడెస్ బెంజ్ 2022 జూన్‌లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 లక్షల వాహనాలను వెనక్కి పిలిపించి, తనిఖీ అయ్యేదాకా వాటిని నడపవద్దని కోరింది.

కంపెనీ ప్రకటించినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ఆ కబురు కారు దగ్గరికి చేరాలి. అసలు బలహీనత ఇక్కడే ఉంది, హైదరాబాద్‌లోని కొండాపూర్ వంటి ప్రాంతాల్లో అది మరింత ఎక్కువ. కంపెనీ దగ్గర సాధారణంగా ఉండేది కారు కొన్ననాడు డీలరు రాసుకున్న ఫోన్ నంబరు, చిరునామాలే. కొత్తగూడ, హఫీజ్‌పేట, గచ్చిబౌలి చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే ఐటీ ఉద్యోగులు ఇళ్లు మారుతుంటారు, అమెరికాకో బెంగళూరుకో వెళ్తూ కారు అమ్మేస్తుంటారు; కొన్నవారు బయటి మెకానిక్ దగ్గరే సర్వీసు చేయించుకుంటే, వారెవరో కంపెనీకి తెలిసే దారే ఉండదు. జీతంలో కోతతో ఉద్యోగికి యాజమాన్యం లీజుపై ఇప్పించే కార్లలో ఆర్‌సీ చాలాసార్లు లీజు సంస్థ పేరున ఉంటుంది గనుక, ఉత్తరం అక్కడికి వెళ్లి ఆగిపోవచ్చు. రోజూ కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి, ఆఫీసు వేళ రద్దీలో నిమిషానికోసారి బ్రేకు తొక్కే మనిషికి, తన కారుకు రీకాల్ ఉందన్న సంగతే తెలియకపోవడం సహించరాని విషయం. పిన్ను విరిగితే చక్రం దగ్గర వచ్చే శబ్దం కూడా, అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని వెళ్లేవారికి వినబడకపోవచ్చు. సెల్లార్ పార్కింగులో అద్దం దించి, కారును నెమ్మదిగా వెనక్కి తీసేటప్పుడే అది చెవిన పడే అవకాశం ఎక్కువ.

అమెరికాలో 2014 నుంచి ఎవరైనా కారు గుర్తింపు సంఖ్యను ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసి, పెండింగు రీకాల్ ఉందో లేదో క్షణంలో తెలుసుకోవచ్చు. 2016 నుంచి పెద్ద అద్దె కార్ల సంస్థలు రీకాల్ పని పూర్తికాని కారును అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత కారు కొనే తెలుగువారికి ఈ సౌకర్యం అందుబాటులో ఉంది. మన దేశంలో కూడా అన్ని కంపెనీల రీకాళ్లనూ ఒకేచోట చూపే అలాంటి సేవ, కారు చేతులు మారినప్పుడు తప్పనిసరి తనిఖీ, రెండూ రావాలి.

అప్పటిదాకా పని యజమానిదే. ఆర్‌సీ మీద, ఇన్సూరెన్సు కాగితంపై ఉండే 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులోని రీకాల్ పేజీలో నమోదు చేయాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలు వాడరు కనుక ఓ లాగా కనిపించేది సున్నా అని గుర్తుంచుకుంటే తప్పు రాదు. రీకాల్ ఉందని తేలితే అధీకృత సర్వీసు సెంటరులో సమయం తీసుకుని, అనుమానిత భాగాన్ని ఉచితంగా పరీక్షింపజేసి, అవసరమైతే మార్పించి, పని పూర్తయిందని రాసిన జాబ్‌కార్డు తీసుకోవాలి. డబ్బులు అడిగితే ఇవ్వనక్కర్లేదు. కారు అమ్మేవారు ఆర్‌సీతో పాటు ఆ జాబ్‌కార్డును కూడా కొనేవారి చేతికి ఇవ్వాలి. కొనేవారు అది లేకుండా బేరం ముగించకూడదు.