తీగె చూసి టీవీ కొనండి

దసరా అయినా, దీపావళి అయినా, సంక్రాంతి అయినా పేపరు మడతలోంచి జారిపడే రంగుల కాగితం మాత్రం ఒక్కలాగే ఉంటుంది. గోడంత టీవీలు, కొట్టేసిన పాత ధర, దానికింద ఎర్రటి అంకెల్లో కొత్త ధర, సులభ వాయిదాలు, పాతది తెస్తే తగ్గింపు. వీటన్నిటి మధ్యా చీమ తలకాయంత అక్షరాల్లో ఒక మాట కనిపిస్తుంది - ‘ఇన్‌బిల్ట్ డిజిటల్ ట్యూనర్’ అని. మనం అంగుళాలు అడుగుతాం. ధర అడుగుతాం. గోడకి బిగించే స్టాండు ఉచితంగా ఇస్తారా అని మరీ మరీ అడుగుతాం. ఆ చిన్న అక్షరాల సంగతి మాత్రం అడగం. నిజానికి టీవీ ఇంటికొచ్చాక మన రోజువారీ సుఖం, నెలవారీ ఖర్చు రెండూ ఆ మాటమీదే ఆధారపడి ఉంటాయి.

ఇంతకీ ట్యూనర్ అంటే?

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. ఆ తర్వాత వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళు చాలామందే ఉంటారు. డాబామీద యాంటెనా, దానిమీద కాకి. బొమ్మ సరిగ్గా రాకపోతే ఒకరు పైకెక్కి తిప్పడం, ఇంకొకరు కింద నుంచి ‘వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది’ అని అరవడం. ఆ యాంటెనా తీగె నేరుగా టీవీ వెనకే గుచ్చేవాళ్ళం. గాలిలో వచ్చే సంకేతాల్లోంచి మనక్కావలసిన చానెల్‌ని ఏరి పట్టుకునే పరికరం టీవీ కడుపులోనే ఉండేది. దాని పేరే ట్యూనర్. తర్వాత కేబుల్ వచ్చినా మొదట్లో అదే పద్ధతి. ఒకటే తీగె, ఒకటే రిమోట్.

కేబుల్ ప్రసారాలను డిజిటల్ చేయాలని ప్రభుత్వం నిర్ణయించాక కథ మారింది. 2012లో మహానగరాలతో మొదలుపెట్టారు. రెండో విడతకి 2013 మార్చి గడువు పెట్టారు; హైదరాబాద్, విశాఖపట్నం అందులో ఉన్నాయి. చిన్న ఊళ్ళు, పల్లెలు ఉన్న చివరి విడతకి 2017 మార్చి గడువు. అలా ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్స్ వచ్చి కూర్చుంది. అంటే టీవీలో ఉండాల్సిన ట్యూనర్ బయటికొచ్చి వేరు కాపురం పెట్టిందన్నమాట. దాంతోపాటే రెండో రిమోట్, రెండో ప్లగ్గు, టీవీకీ బాక్సుకీ మధ్య ఇంకో తీగె.

ఇప్పటి ఫ్లాట్ టీవీల్లో డిజిటల్ ట్యూనర్ లోపలే ఉంటుందంటే, బయటికి పోయిన ఆ పరికరం మళ్ళీ పుట్టింటికి వచ్చిందని అర్థం. వినడానికి బాగానే ఉంది. కానీ అది ఏ తీగెకి పనికొస్తుందనేదే అసలు ప్రశ్న.

మూడు రకాలు, మూడు దారులు

టీవీతో ఇచ్చే చిన్న పుస్తకంలోనో, అట్టపెట్టె మీదో ‘డీవీబీ’ అనే మూడక్షరాలుంటాయి. వాటి పక్కన ఉన్న అక్షరం చూడాలి. ‘టీ’ అని ఉంటే భూమ్మీది టవర్ నుంచి యాంటెనా ద్వారా వచ్చే ప్రసారాలకి. ‘సీ’ అని ఉంటే కేబుల్‌కి. ‘ఎస్’ అని ఉంటే ఉపగ్రహం నుంచి డిష్ ద్వారా వచ్చేవాటికి. ‘టీ2’, ‘ఎస్2’ అని ఉంటే అదే రకంలో మెరుగైన కొత్త పద్ధతి.

మొదటిది చూద్దాం. దూరదర్శన్ తన పాత పద్ధతి టవర్ ప్రసారాలను 2022 నాటికి చాలామటుకు ఆపేసింది. టవర్ల నుంచి డిజిటల్ ప్రసారాలు 2016లో కొన్ని నగరాల్లో మొదలుపెట్టింది గానీ, మన ఊళ్ళలో యాంటెనాని నమ్ముకుని టీవీ కొనే రోజులు కావివి. కాబట్టి ‘టీ2’ ఒక్కటే ఉన్న టీవీని ‘డిజిటల్ ట్యూనర్ ఉందండీ’ అని అమ్మితే అది అబద్ధం కాదు. మనకి ఉపయోగమూ లేదు.

రెండోది కేబుల్. టీవీలో ‘సీ’ రకం ట్యూనర్ ఉన్నంతమాత్రాన కేబుల్ తీగె నేరుగా గుచ్చేసి చూడొచ్చనుకోకూడదు. మన దగ్గర కేబుల్ చానెళ్ళకి తాళం వేసి పంపుతారు. ఆ తాళం తీసే చెవి ఆపరేటర్ ఇచ్చే బాక్సులో ఉంటుంది. ప్రైవేటు డీటీహెచ్ కంపెనీలదీ ఇదే వరస. ఒకరి బాక్సు ఇంకొకరికి పనికిరాదు. నెలనెలా డబ్బు కట్టే కనెక్షన్ ఉన్న ఇంట్లో, టీవీలో ఏ ట్యూనర్ ఉన్నా బాక్సు తప్పదు. అలాంటివాళ్ళు ట్యూనర్ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు. ఆ డబ్బు మంచి తెరకీ, మంచి స్పీకర్లకీ పెట్టుకోవచ్చు.

ఇక మూడోది, ఉపగ్రహం. దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ ఉంది చూశారూ, అది 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది. డిష్ పెట్టించుకోవడానికయ్యే ఖర్చే తప్ప నెలసరి చందా లేదు. ‘ఎస్2’ ట్యూనర్ ఉన్న టీవీకి డిష్ తీగె నేరుగా బిగిస్తే, తాళం లేని ఉచిత చానెళ్ళు బాక్సు లేకుండానే వస్తాయి. ఈ సౌకర్యం ఉన్న టీవీలు ఎలా ఉండాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఇచ్చింది - ఐఎస్ 18112:2022. డబ్బు కట్టి చూసే చానెళ్ళు మాత్రం ఈ దారిలో రావు. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

అమ్మకి కావలసిన టీవీ

ఇదంతా నేను పనిగట్టుకుని తెలుసుకున్నది మా అమ్మ కోసం. నాన్నగారు పోయాక అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా ‘నిన్న సీరియల్లో ఏమైందమ్మా?’ అని అడగడం నాకు అలవాటు. ఈమధ్య రెండు మూడుసార్లు ‘చూళ్ళేదే, చూడాలనిపించలేదు’ అంది. ఒంట్లో బాగాలేదేమోనని బెంగపడ్డాను. పక్కింటావిడతో మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. రెండు రిమోట్లలో ఏదో మీట నొక్కుడు పడుతోంది, తెరమీద ‘నో సిగ్నల్’ అని వస్తోంది. పక్కింటి కుర్రాడు కాలేజీ నుంచి వచ్చేదాకా అమ్మ అలా నల్లటి తెర ముందు కూర్చుంటోంది. రోజూ వాణ్ణి పిలవడానికి మొహమాటపడి, చివరికి టీవీ పెట్టడమే మానేసింది.

మా తమ్ముడు ఫోన్లో, ‘అక్కా, డబ్బు నేను పంపిస్తాను, యాభై అయిదు అంగుళాలది తీసుకో, లేటెస్ట్ స్మార్ట్ టీవీ’ అన్నాడు. వాడి ప్రేమ వాడిది. కానీ పెద్ద తెర మీద ‘నో సిగ్నల్’ పెద్ద అక్షరాలతో కనిపిస్తుందంతే కదా!

తెనాలి వెళ్ళి అమ్మనే అడిగాను - ఏమేం చూస్తావని. వార్తలు, పొద్దున్నే భక్తి పాటలు, ఆదివారం పాత సినిమా, సాయంత్రం ఒక సీరియల్. సీరియల్ వచ్చేది డబ్బు కట్టే చానెల్లో. దానికి బాక్సు కావాలి, బాక్సుంటే రెండో రిమోట్ ఉంటుంది. అది లేకుండా డిష్‌తో నేరుగా వచ్చే టీవీ అయితే ఒకటే రిమోట్, కానీ సీరియల్ ఉండదు. రెండూ విడమర్చి చెప్పాను. నేనైతే ఆవిడ సీరియల్ కావాలంటుందనుకున్నాను.

అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, ‘‘సీరియల్ కథ పక్కింటి కోడలు రోజూ చెబుతూనే ఉందిలేవే. టీవీ పెట్టుకోవడం మాత్రం నా చేతుల్లో ఉండాలి’’ అంది.

అంతే, బేరం తేలిపోయింది. ముప్ఫై రెండు అంగుళాల టీవీ, ‘ఎస్2’ ట్యూనర్ ఉన్నది. కొట్లో అబ్బాయి మొదట చూపించినదాంట్లో ‘డిజిటల్ ట్యూనర్ ఉంది మేడమ్, బాక్స్ అక్కర్లేదు’ అన్నాడు. ‘ఏ ట్యూనర్ బాబూ? డిష్ తీగె ఎక్కడ బిగిస్తారో చూపించు’ అంటే, వెనక్కి తిప్పి చూసి, తల గోక్కుని, ఇంకో మోడల్ తెచ్చాడు. డిష్ బిగించి, డీడీ సప్తగిరి తెరమీదికి వచ్చి, అమ్మ తన చేత్తో రెండుసార్లు ఆపి మళ్ళీ పెట్టుకున్నాకే మిగతా డబ్బు చేతిలో పెట్టాం.

బాక్సు తప్పనివాళ్ళకి

సీరియల్ వదులుకోమని ఎవరికీ చెప్పడం లేదు సుమండీ. బాక్సు ఉన్న ఇళ్ళలోనూ పెద్దవాళ్ళకి తేలిక చేసే మార్గాలున్నాయి. చాలా బాక్సుల రిమోట్లకి టీవీని ఆపి పెట్టే మీట, సౌండు మీటలు నేర్పించవచ్చు. కేబుల్ అబ్బాయిని అడిగితే అయిదు నిమిషాల పని. ఆ తర్వాత టీవీ రిమోట్‌ని బీరువాలో దాచేయొచ్చు. కొన్ని స్మార్ట్ టీవీల సెట్టింగుల్లో, ఆన్ చేయగానే ఆఖరున చూసిన ఇన్‌పుట్ తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. కొనేముందే ఆ ఏర్పాటు ఉందో లేదో అడిగి, చేసి చూపించమనండి.

కొట్లో అడగాల్సినవి

టీవీ వెనక భాగం చూడండి. డిష్ తీగె బిగించే సాకెట్‌కి సాధారణంగా బయట మరలుంటాయి. తీగె కొసని తిప్పి బిగిస్తారు. యాంటెనాది నున్నగా గుచ్చేది. గుచ్చేది ఒక్కటే ఉంటే ఉపగ్రహ ట్యూనర్ ఉందనే మాటని గట్టిగా ప్రశ్నించండి. మోడల్ నంబరు పూర్తిగా రాసుకోండి. ఒకే కంపెనీ, ఒకే సైజు, చివర ఒక్క అక్షరం తేడాతో ట్యూనర్ ఉన్నదీ లేనిదీ రెండూ ఉండొచ్చు.

ఫ్రీ డిష్‌లో కొన్ని చానెళ్ళు ఎంపెగ్-2, కొన్ని ఎంపెగ్-4 అనే పద్ధతిలో వస్తాయి. టీవీ ట్యూనర్ రెండూ చదవగలగాలి. ప్రైవేటు చానెళ్ళకి చోటు వేలంలో ఇస్తారు కాబట్టి జాబితా మారుతుంటుంది. మీకు కావలసిన చానెల్ ప్రస్తుతం వస్తోందో లేదో డిష్ బిగించే మనిషిని అడిగి తెలుసుకోండి.

కొట్లో ఆడే బొమ్మ చూసి మురిసిపోకండి. అది టీవీ గొప్పతనం చూపించడానికే తీసిన వీడియో. నెమలి ఈకలు, మంచుకొండలు మన ఇంట్లో రోజూ రావు. మామూలు చానెల్ ఒకటి పెట్టి, మనుషుల ముఖాలు, కింద పరుగెత్తే వార్తల అక్షరాలు ఎలా ఉన్నాయో చూడండి. మామూలు నాణ్యతతో వచ్చే చానెల్‌ని మరీ పెద్ద 4కె తెర మీద దగ్గరగా కూర్చుని చూస్తే నీళ్ళలో తడిసిన కాగితంలా అలుక్కుపోయినట్టుంటుంది. మంచానికీ గోడకీ మధ్య ఆరడుగులే ఉన్న గదికి 32 నుంచి 43 అంగుళాలు చాలు. ఈ అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచేవి. 32 అంటే సుమారు 81 సెంటీమీటర్లు, 43 అంటే 109.

కరెంటు లెక్కా వేసుకోండి. 50 వాట్ల టీవీ రోజుకి ఆరు గంటలు ఆడితే నెలకి 9 యూనిట్లు; 120 వాట్లదైతే ఇరవై ఒకటిన్నర దాటుతుంది. ఎన్ని వాట్లో టీవీ వెనక రాసే ఉంటుంది. పన్ను విషయానికొస్తే, ఒకప్పుడు 32 అంగుళాలు దాటిన టీవీలకి 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికీ 18 శాతమే. ఇంకొక్క మాట - ఉరుములూ మెరుపులూ వచ్చేలోపే ప్లగ్గుతోపాటు డిష్ తీగె కూడా తీసేయడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

ఇవన్నీ అడిగాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. అది కొట్లో అడిగేది కాదు, ఇంట్లో అడగాల్సింది. పగలంతా ఇంట్లో ఉండి ఆ టీవీ ఎక్కువగా చూసేది ఎవరో, రిమోట్ వాళ్ళ చేతిలో పెట్టి ‘నీకేం కావాలి?’ అని అడగండి. డబ్బు ఇచ్చేవాళ్ళు అంగుళాలు చెబుతారు. చూసేవాళ్ళు అవసరం చెబుతారు. టీవీ కొనాల్సింది ఆ రెండో మాట విన్నాకే.