16 కోర్లు ఉన్నాయి.. అయినా రెండో జాబ్ వెయిటింగే!

నాలుగు రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు, ఒక్కోదానిలో 4 కోర్లు, 4జీబీ ర్యామ్. మాస్టర్‌గా నా పాత ల్యాప్‌టాప్. అపాచీ స్పార్క్‌ని స్టాండలోన్ మోడ్‌లో పెట్టి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం ఇలా 16 కోర్ల క్లస్టర్ తయారుచేశాం.

తెల్లారితే డెమో. రాత్రి నా డేటా క్లీనింగ్ జాబ్ రెండు గంటలుగా నడుస్తోంది. నా టీమ్‌మేట్ తన జాబ్ సబ్మిట్ చేశాడు. అరగంటైనా ఒక్క టాస్క్ కూడా కదల్లేదు.

"రేయ్, బోర్డులు పోయాయేమో చూడరా" అన్నాడు. 8080 పోర్టులో మాస్టర్ పేజీ తెరిచా. నాలుగు వర్కర్లూ బతికే ఉన్నాయి. నాది రన్నింగ్, వాడిది వెయిటింగ్.

తప్పు నాదే. స్టాండలోన్ మోడ్‌లో లిమిట్ చెప్పకపోతే, మొదట వచ్చిన అప్లికేషన్ ఉన్న కోర్లన్నీ తీసేసుకుంటుంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫులు వేసి సీట్లన్నీ ఆపేసినట్టు! చేతిలో పని లేకపోయినా, అది ముగిసేదాకా వాటిని వదలదు.

ముందు షెడ్యూలర్‌ని 'ఫెయిర్' మోడ్‌కి మారుద్దాం అనుకున్నాం. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ సెటింగ్ ఒకే అప్లికేషన్ లోపల, వేర్వేరు థ్రెడ్ల నుంచి వచ్చే జాబ్‌ల మధ్య వంతులు వేస్తుంది, అంతే. మావి రెండు వేర్వేరు అప్లికేషన్లు. వాటికి కావాల్సింది 'స్పార్క్.కోర్స్.మ్యాక్స్'. అది కూడా సబ్మిట్ చేసేటప్పుడే ఇవ్వాలి.

అంటే నా రెండు గంటల పని వదులుకోవాలి. కాసేపు గొడవపడి, చివరికి ఆపేశా. ఇద్దరం చెరో 8 కోర్లు పెట్టుకుని మళ్లీ సబ్మిట్ చేశాం. వాడిది మళ్లీ వెయిటింగ్!

ఈసారి ర్యామ్. ఎగ్జిక్యూటర్‌కి 2జీబీ చొప్పున అడిగాం. స్పార్క్ ప్రతి బోర్డులో 1జీబీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి వదిలేస్తుంది కాబట్టి మిగిలేది 3జీబీ లోపే. రెండు 2జీబీలు అందులో ఎక్కడ పడతాయి? 1జీబీకి తగ్గించాక రెండూ రన్నింగ్‌లోకి వచ్చాయి.

స్పీడ్ మాత్రం ఆశించకండి, కోర్లు సగమేగా. పైగా పై బోర్డు 80 డిగ్రీలు దాటితే తనే క్లాక్ తగ్గించుకుంటుంది. అందుకే హాస్టల్ రూమ్‌లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ వాటికే తిప్పాం. నాలుగున్నరకి వాడిది అయింది, ఆరింటికి నాది. డెమో పదింటికి.